మునగని పుష్కరాలు

మా ల్యాబులో నా పని జనాన్ని తారీఖులు అడగడం. వినడానికి చాలా తేలిక, చేస్తే తెలుస్తుంది. ఫలానా ఆయనకి చూపు ఎప్పుడు మందగించిందమ్మా అంటే ఒక్కరూ ఏడాది చెప్పరు. "మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు" అంటారు. "పెద్ద తుఫాను వచ్చిన ఏడాది" అంటారు. "డాబా ఇంటికి స్లాబు వేశాక" అంటారు. ఆ మాటలన్నీ మోసుకొచ్చి, అంకెలు చేసి, యంత్రానికి పెట్టాలి. పద్నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను. ఈ పనిలో హైమవతిని మించినవాళ్లు లేరని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

యంత్రం పేరు ముందుచూపు. మా డాక్టర్ అవధానిగారు కనిపెట్టారు, ఆ పేరూ ఆయనే పెట్టారు. కంటి వెనక తెర, అంటే రెటీనా, తరతరాలుగా పాడవుతూ వచ్చే కుటుంబాల కోసం దాన్ని తయారు చేశారు. దానికి మూడు కావాలి. కంటి లోపలి ఫొటో, రక్తంలో తేలిన జన్యువు రిపోర్టు, ఇంట్లో అదే జబ్బు వచ్చిన పెద్దవాళ్ల చరిత్ర. ఈ మూడూ ఇస్తే అది ఒక కళ్లజోడులోకి మీ రాబోయే చూపును తెచ్చి పెడుతుంది. జోడు పక్కన చిన్న చక్రం ఉంటుంది. నలభై దగ్గర పెడితే నలభయ్యో ఏట మీకు ఈ గది ఎలా కనబడుతుందో అలా కనబడుతుంది. యాభై దగ్గర పెడితే యాభయ్యో ఏటిది. మొదటిసారి పెట్టుకున్నవాళ్లలో చాలామంది చక్రం మీద చెయ్యి వెయ్యడానికే భయపడతారు.

పెద్దిరాజు భయపడలేదు. వచ్చినప్పుడు అతనికి ముప్పై నాలుగేళ్లు. కోనసీమలో ఒక రేవులో పంటు నడుపుతాడు. కార్లనీ బైకుల్నీ మనుషుల్నీ కలిపి ఒకేసారి గోదావరి దాటించే పెద్ద బల్లకట్టు లాంటి పడవ అది. దాన్ని నడిపేవాణ్ణి సరంగు అంటారు. అతని తాత కూడా సరంగే. పెద్దిరాజుకి పొద్దు వాలితే గుమ్మం కనబడటం మానేసింది. రేచీకటి అనుకుని ఆకుకూరలు తిన్నాడు, చుక్కల మందు వేసుకున్నాడు, చివరికి మా దగ్గరికి వచ్చాడు. తాత నుంచి కూతురి మీదుగా మనవడికి దిగే రకం జబ్బని రక్తంలో తేలింది. ముందు చీకట్లో చూపు పోతుంది. తర్వాత పక్క చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వస్తుంది. ఆఖరికి ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగిలి, అదీ పోతుంది.

"ఇంకెంత కాలం ఉందండి?" అని అడిగాడు. అతనికి కావలసింది ఆ ఒక్క జవాబే. పంటు మీద ఒక్కో దాటుకి అరవై మంది ఉంటారు. తనకి ఎంతవరకు కనబడుతుందో తెలియకుండా పంటు చక్రం పట్టుకోలేనన్నాడు.

జవాబు కోసం నేను వాళ్ల అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. పెద్దిరాజు తల్లి పోయి చాలా కాలమైంది. తాత ధర్మరాజు చరిత్ర తెలిసిన పెద్దది బుల్లెమ్మ ఒక్కతే. నదికి అవతల లంకలో ఉంటుంది. నేను వెళ్లేసరికి వసారాలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పెద్దిరాజుని వెంట రానివ్వలేదు. అది మా ల్యాబు నియమం. రోగి ఎదురుగా ఉంటే పెద్దవాళ్లు నొచ్చుకుని నిజం దాస్తారని, రోగికి ఆ సంగతులు తెలిస్తే పరీక్షలో బెదిరిపోతాడని, వాళ్లని విడిగా అడుగుతాం. రోగిని గతం గురించి అడగం. అతనికి భవిష్యత్తు చూపిస్తాం.

"మీ ఆయనకి చూపు ఎప్పుడు పోయింది మామ్మగారూ?"

"పుష్కరాల్లోనమ్మా. పన్నెండు రోజులూ పొద్దున్నించి మాపటేళ దాకా జనాన్ని దాటించాడు. ఆఖర్రోజు పంటు రేవుకి కట్టేసి ఇంటికొచ్చి, ఇంక నాకు కనబట్టం లేదే అన్నాడు. మళ్లీ చక్రం ముట్టుకోలేదు."

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. తొందరపడి ఏదో ఒక ఏడాది రాసేసే రకాన్ని కాదు నేను.

"ఏ పుష్కరాలు?"

"మొన్నటియ్యి కాదు. ఆటికి ముందియ్యి."

అప్పుడు రెండువేల ఇరవై ఆరు. మొన్నటివి అంటే రెండువేల పదిహేను, వాటికి ముందువి రెండువేల మూడు. ధర్మరాజు ఓటరు కార్డులో పుట్టిన ఏడాది పంతొమ్మిదివందల యాభై అని ఉంది. అంటే చూపు పోయేనాటికి యాభై మూడేళ్లు. రాసుకున్నాను. తెలివిగా అడిగి తెలుసుకున్నానని పంటు ఎక్కేదాకా సంబరపడ్డాను కూడా.

ల్యాబుకొచ్చి ఆ తేదీ పెట్టగానే యంత్రం దాని పక్కన పసుపు గుర్తు వేసింది. 'సరిచూడండి' అని. కంటి ఫొటో ఒక్కదాన్నే నమ్మితే పెద్దిరాజు చూపు ఇంకా ముందే పోయేలా ఉంది, తాత చరిత్ర చూస్తే అలా లేదు. రెండూ పొసగటం లేదు.

"మామ్మగారు స్పష్టంగా చెప్పిందా?" అని అవధానిగారు అడిగారు.

"ఏ పుష్కరాలని కూడా అడిగానండీ."

"ఈ కుటుంబం జన్యువులో తప్పుపడ్డ అక్షరం ప్రపంచంలో ఇంకెవరిలోనూ దొరకలేదు హైమగారూ. జబ్బు ఎంత వేగంగా నడుస్తుందో చెప్పడానికి మనకున్న సాక్ష్యం ఆ తాత ఒక్కడే. ఆయన్నే నమ్ముదాం."

'సరిచూశాను' అన్న మీట నేనే నొక్కాను. పసుపు గుర్తు పోయింది.

పెద్దిరాజుని కూర్చోబెట్టి జోడు పెట్టాం. నలభై దగ్గర అతను తల అటూ ఇటూ తిప్పి, "ఏం తేడా లేదండి" అన్నాడు. నలభై ఐదులో కిటికీ అంచులు పోయాయన్నాడు. యాభైలో నా మొహం ఒక్కటే మిగిలిందట. యాభై మూడులో అదీ చొక్కా గుండీ అంత అయిందట. జోడు తీసి నా చేతికిచ్చాడు. తర్వాత వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు.

"పంతొమ్మిదేళ్లు. మా పాప హన్వికకి అప్పటికి ఇరవై రెండొస్తాయండి. చాలండి, ఆయ్. అంతకంటే ఆశ పడకూడదు."

అప్పటికే ఈ జబ్బుకి సూది వచ్చింది. రెటీనా కిందకి ఇస్తారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఉన్నచోట ఆగుతుంది. కన్ను ఒక హద్దు దాటి పాడయ్యాక వేసినా పనిచెయ్యదు. అయితే పది కళ్లలో ఒక కన్ను ఆ సూదికే పాడవుతుంది. అందుకని పదేళ్లకి మించి చూపున్నవాళ్లకి ఇవ్వకూడదని నియమం పెట్టారు. పెద్దిరాజు పేరు జాబితా అడుక్కి పోయింది. అంతటితో ఆగలేదు. పక్క చూపు నలభై ఎనిమిదో ఏడు దాకా చాలినంత ఉంటుందని మా ల్యాబు కాగితం రాసిచ్చింది. ఆ కాగితం చూసి రేవువాళ్లు అతనికి పగటి దాట్లకి ఐదేళ్లకి సరిపడా లైసెన్సు ఇచ్చేశారు. ఏడాదికోసారి చేసే కంటి పరీక్ష కూడా అక్కర్లేదన్నారు. యంత్రం చెప్పాక ఇంకా పరీక్షలెందుకని మేమూ అనుకున్నాం. నేనైతే గట్టిగా అనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఏప్రిల్లో వేరే కుటుంబం పని మీద మళ్లీ ఆ రేవుకి వెళ్లాను. సంచిలో ల్యాప్‌టాపు, ముందుచూపు జోడు ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. పంటు మీద పెద్దిరాజు నన్ను గుర్తుపట్టి పైన సరంగు గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. ఎవరో రెండు గ్లాసుల్లో టీ తెచ్చి నా చేతికిచ్చి వెళ్లారు. నేను అతని ఎడమ పక్కన ఉన్నాను. ఒక గ్లాసు అతని వైపు చాపాను. అతను తీసుకోలేదు. నా చెయ్యి కాలుతోంది.

"టీ తెచ్చినట్టున్నారు, ఏదండి?" అన్నాడు.

గ్లాసు అతని ముందుకి జరిపాను. నవ్వి అందుకున్నాడు. ఎదుటి నీళ్ల మీద దృష్టి పెట్టినవాడు పక్కకి చూడడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ అక్కడి నుంచి కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఇంటిపట్టున ఉండటం లేదా? బాగా చిక్కారు," అన్నాను.

"రెండేళ్లలో సెలవు పెట్టలేదండి. పొద్దున్న నేనొచ్చేసరికి పాప లెగదు, నేనెళ్లేసరికి పడుకుంటాది. పొద్దు వాలితే చక్రం ఇంకోళ్లకిచ్చి రేవులో లెక్కలు చూత్తానండి. చూపుండగా సొంత పంటు ఒకటి దింపేత్తే, తరవాత దాని దగ్గరే కూచోవచ్చు కదండీ. పంతొమ్మిదేళ్లలో రెండే కదా పోయింది."

ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ తాతగారికి మీరంటే ఇష్టమా?" అన్నాను.

"పేణవండి. నేను పుట్టేసరికే ఆయనకి చూపు లేదు. నా మొకం చేత్తో తడివి, పోలికలన్నీ నాయేనే అనేవోడంట. మా అమ్మమ్మ చెప్పుద్ది."

నేను గ్లాసు కింద పెట్టేశాను. పెద్దిరాజు పుట్టింది పంతొమ్మిదివందల తొంభై రెండులో. రెండువేల మూడులో చూపు పోయిన మనిషి తొంభై రెండులో మొహం తడిమి చూడటం ఏమిటి? రెండేళ్ల కిందట ఇతన్ని ఒక్క మాట అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. నియమం అని అడగలేదు.

అవతలి రేవులో దిగి, నేను వచ్చిన పని వదిలేసి, బుల్లెమ్మ ఇంటికి దాదాపు పరిగెత్తాను.

"మామ్మగారూ, మొదటిసారి నేనొచ్చినప్పుడు మొన్నటి పుష్కరాలు కాదు, వాటికి ముందువి అన్నారు. మీరన్న మొన్నటివి ఏవి?"

"ఏవంటావేంటమ్మా. అప్పటికి నేను ఆఖర్న మునిగినియ్యి. మా చిన్నల్లుడు కొత్త టీవీయస్ బండి మీద నన్ను రేవుకి తీసుకెళ్లాడు, ఆ పుష్కరాలు."

"అవి రెండువేల మూడులోవి కదా. రెండువేల పదిహేనులో ఇంకోసారి వచ్చాయి కదండీ."

"వచ్చాయి. ఆయన పోయిన నెలకే వచ్చాయి. ఏటిసూతకంలో ఉన్నదాన్ని గోదాట్లో ఎలా మునుగుతాను? ఊరంతా వెళ్లింది, నేను ఇంట్లోనే ఉన్నాను." ఆవిడ నా మొహంలోకి చూసింది. "నేను మునగని పుష్కరాలు నాకెందుకమ్మా లెక్క?"

ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు పుణ్యస్నానం చెయ్యరని నాకు తెలియదా? బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని, మా నాన్న పోయిన ఏడు మా అమ్మ గుడి మెట్టు ఎక్కలేదు. అన్నీ తెలుసు. ఏడాది కనుక్కున్నాను గానీ ఆ ఏడాది ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో అడగాలని తోచలేదు. ధర్మరాజుకి చూపు పోయింది పంతొమ్మిదివందల తొంభై ఒకటిలో. నలభై ఒక్కో ఏట. పెద్దిరాజుకి ఇప్పుడు ముప్పై ఆరు.

"ఏదైనా తప్పు చెప్పానా?" అంది బుల్లెమ్మ.

"మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. నేను తప్పు రాశాను," అన్నాను.

రేవుకి నడుస్తూనే అవధానిగారికి ఫోను చేశాను. ఆయన చెప్పిందంతా విన్నారు.

"ఫొటో మనకి సరిగ్గానే చెప్పింది," అన్నారు. "మనం తేదీని నమ్మాం. సరిచేసి ఇప్పుడే నడపండి హైమగారూ. ఏమొచ్చినా అతనికి ఈరోజే చెప్పాలి. నేను ఇటు సూది సంగతి మాట్లాడతాను."

పంటు కదలడానికి సిద్ధంగా ఉంది. మూడు కార్లు, పాతిక బైకులు, పెళ్లికి వెళ్తున్న ఒక గుంపు, కొబ్బరి బోండాల రిక్షా. ఎక్కి నేరుగా సరంగు గదిలోకి వెళ్లాను. ఒళ్లో ల్యాప్‌టాపు తెరిచి రెండువేల మూడు కొట్టేసి పంతొమ్మిదివందల తొంభై ఒకటి వేశాను. యంత్రం ఈసారి పసుపు గుర్తు పెట్టలేదు. లెక్క పూర్తవడానికి పది నిమిషాలు పడుతుందని చూపించింది.

"తొందరగా వచ్చేశారే," అన్నాడు పెద్దిరాజు.

"పనైపోయింది," అన్నాను. నా అబద్ధం నాకే అసహ్యమేసింది.

నది మధ్యకి వచ్చేసరికి లెక్క తేలింది. నలభై ఒక్కో ఏట ఎదుటి చూపు కూడా పోతుంది. ఎడమ కంటికి సూది పనిచేసే గడువు ఎనిమిది నెలల కిందటే దాటింది. కుడి కంటికి ఇంకా నాలుగు నెలలుంది. కింద ఇంకో వరస ఉంది, నేటి పక్క చూపు: కుడి వైపు సగం, ఎడమ వైపు దాదాపు లేదు.

ఆ మాట చదివినా నాకు అర్థం కాలేదు. ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని పంటు తోలుతున్నాడు. జోడు తీసి నేనే పెట్టుకుని, దాని చక్రం ముప్పై ఆరు దగ్గర పెట్టి నది వైపు చూశాను. ఎదురుగా రేవు కనబడింది, నీళ్లు కనబడ్డాయి, ఎక్కడా నల్లటి మచ్చ లేదు, ఏదీ తెగిపోయినట్టు లేదు. పోయిన చోటుని మెదడు చుట్టుపక్కల నీళ్లతోనే నింపేస్తుంది, జోడూ అచ్చం అలాగే చూపిస్తుంది. అందుకే అతనికి తెలియలేదు. నది అంతా ఖాళీగా, ప్రశాంతంగా ఉంది.

జోడు తీశాను. ఎడమ పక్కన, పంటుకి పాతిక గజాల దూరంలో, ఒక చిన్న నాటుపడవ. అందులో నిలబడి ఒకాయన వల లాగుతున్నాడు. పంటు ఏటవాలుగా అతని మీదికే జరుగుతోంది. పెద్దిరాజు తీరిగ్గా ముందుకి చూస్తున్నాడు.

"ఎడమ పక్క పడవ ఉంది, తిప్పండి," అన్నాను.

అతను ఎందుకని అడగలేదు. చక్రం కుడికి గిరగిరా తిప్పాడు. పంటు ఒరిగింది, కింద బైకులు ఒకదాని మీద ఒకటి వాలాయి, పెళ్లివాళ్లు కేకలు పెట్టారు. వల ఆయన పడవ మా పక్కనుంచి ఊగుతూ పోయింది. ఆయన తిట్టిన తిట్లన్నీ మాకు వినిపించాయి.

పెద్దిరాజు తల పూర్తిగా తిప్పి ఆ పడవని చూశాడు.

"నాకు కనబళ్లేదేంటండి?" అన్నాడు.

చెప్పాను. పుష్కరాలు, ఏటిసూతకం, నేను రాసిన ఏడాది, నొక్కిన మీట. నలభై ఒకటి. ఎడమ కన్ను, కుడి కన్ను. నది మధ్యలో ఒక సరంగుకి చెప్పవలసిన మాటలు కావు. కానీ ఇంకొక్క నిమిషం దాచుకునే శక్తి నాకు లేదు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

అతను చక్రం వదల్లేదు. ఇంజను వేగం తగ్గించాడు.

"ఈ రెండేళ్లూ ఇలాగే దాటించానా?" అన్నాడు మెల్లిగా. "రోజుకి పన్నెండు దాట్లండి. మా పాపని కూడా ఎక్కించుకున్నాను."

నేను మొహం తుడుచుకుంటూనే ఉన్నాను.

"ఏడవకండి, మీక్కనబడాలి. ఆ ఎడమ కిటికీ దగ్గర నించోండి. రేవు దాకా ఏదొచ్చినా చెప్పండి."

నించున్నాను. దూరంగా తెప్ప కనబడితే చెప్పాను. తేలుతున్న తాటి మొద్దు కనబడితే చెప్పాను. ఏమీ లేకపోతే ఖాళీ అని చెప్పాను. ప్రతిదానికీ "ఆయ్" అన్నాడు. ఇరవై నిమిషాల నది నలభై నిమిషాలు పట్టింది. నా కళ్లు మండిపోయాయి, రెప్ప వెయ్యాలన్నా భయం వేసింది. అలాంటి భయం లేకుండా అతను రెండేళ్లు ఈ నది దాటాడు. ఆ నిశ్చింత ఇచ్చింది మేము రాసిన కాగితం.

రేవు తాకాక జనం దిగిపోయారు. పెద్దిరాజు ఇంజను ఆపి తాళం తీసి రేవు మేనేజరుకి పంపించేశాడు. ఇవాళ్టి నుంచి ఇంకో సరంగుని చూసుకోమని కబురు చెప్పాడు. నన్ను తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"కుడి కంటికి సూది వేయించుకుంటానండి. పదింట్లో ఒకటి పోతుందన్నారు కదా. ఉన్నదొక్క కన్నే, అదీ పోతే పోయింది. ఎప్పుడు రమ్మంటారో డాక్టరుగార్ని అడగండి."

"అడుగుతాను. ఆయన అప్పుడే ఆ సంగతి మాట్లాడుతున్నారు."

"మా అమ్మమ్మతో ఏమన్నారు?"

"తప్పు నాదన్నాను."

"మంచి పని చేశారు. ముసల్ది కుమిలిపోద్ది." గది మెట్టు మీద కూర్చున్నాడు. "ఈ జబ్బు మా పాప ద్వారా దాని కొడుక్కి రావచ్చన్నారు కదండీ మీరు?"

"జన్యువు కూతురికి తప్పకుండా దిగుతుంది, తన చూపు మాత్రం పోదు. దాని కొడుకులకి రావచ్చు, రాకపోవచ్చు."

"అయితే అది తెరవండి. రాసుకోండి."

ల్యాప్‌టాపు తెరిచాను. తాత ధర్మరాజు కింద ఒక ఖాళీ గడి ఉంది.

"పుష్కరాలూ తుఫాన్లూ వద్దండి. తారీఖు వెయ్యండి. రెండువేల ఇరవై ఎనిమిది, ఏప్రిల్ పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. సరంగు పెద్దిరాజు, ముప్పై ఆరేళ్లు. ఎడమ పక్క పడవ కనబళ్లేదు. అలాగే రాయండి, నా మాటలే రాయండి. రేపు దాని కొడుక్కోసం మీలాంటోళ్లు ఎవరో వచ్చి అడుగుతారు. అప్పటికి చెప్పడానికి ఎవరుంటారో."

రాశాను.

"ఓసారి చదవండి. సరిచూసుకుంటాను."

చదవడం మొదలుపెట్టాను. ఏడాది దగ్గర ఆగిపోయాను. పెద్దిరాజు ఆ ఏడాది తనే అందించాడు.